అయిదు నిమిషాల నిజం

ఈ వారం చరిత్ర ప్రసంగం నన్ను చెయ్యమన్నారు. ముందే ఒప్పుకుంటున్నాను, నేను చరిత్ర చదువుకున్నదాన్ని కాదు. ఎమ్మెస్ చేసింది కంప్యూటర్స్‌లో, బతుకుతున్నది కన్సల్టింగ్ మీద. ఆర్నెల్లకో క్లయింటు, ఏడాదికో ప్రాజెక్టు. రాజుల గురించీ యుద్ధాల గురించీ నాకేం తెలీదు. అందుకని నేను స్వయంగా వెళ్ళి కూర్చున్న ఒక చోటు గురించి, దాని పుట్టుపూర్వోత్తరాల గురించి చెబుతాను. చివర్లో మా ఇంటి సంగతి ఒకటి ఉంది. అది చెప్పడానికి మా నాన్న దగ్గర అనుమతి తీసుకున్నాను.

2018 చలికాలంలో నా పని మాన్‌హట్టన్‌లో. సాయంత్రం ఆరింటికి ఆఫీసు అయిపోతే జెర్సీ సిటీలో అపార్టుమెంటుకొచ్చి చేసేదేం లేదు. నాతో పనిచేసే ఒకావిడ, "ఇవాళ కథలు వినడానికి వెళ్తున్నాను, వస్తావా?" అంది. పిల్లల కథలేమో అనుకున్నాను. తీరా వెళితే అదొక పాత పుస్తకాల కొట్టు. బీరువాల మధ్య ఇరవై ముప్ఫై మడత కుర్చీలు, వాటి చుట్టూ నేల మీదా మెట్ల మీదా జనం. ఎదురుగా చిన్న వేదిక, ఒక మైకు. అంతే.

పద్ధతి ఇదీ. ఆ రాత్రికి ఒక అంశం ముందే ప్రకటిస్తారు. దాని మీద తన జీవితంలో జరిగిన కథ చెప్పదలచుకున్న వాళ్ళు పేరు రాసి సంచిలో వెయ్యాలి. సంచిలోంచి ఒక్కొక్కటిగా పది పేర్లు తీస్తారు. పేరు వచ్చినవాళ్ళు వేదికెక్కి అయిదు నిమిషాల్లో చెప్పాలి. అయిదో నిమిషానికి ఒక సంకేతం వినిపిస్తుంది. ఆపైన ఒక్క నిమిషం దయాభిక్ష. కాగితం చూసి చదవకూడదు. కథ నిజమై ఉండాలి, చెప్పేవాళ్ళదే అయి ఉండాలి. వినేవాళ్ళలోంచే మూడు జట్లను ఎంచి పదికిన్నని మార్కులు వేయిస్తారు. పేరు రానివాళ్ళని కూడా ఉత్త చేతులతో పంపరు. ఆఖర్న పిలిచి, తమ కథలో మొదటి వాక్యం ఒక్కటీ చెప్పి దిగిపోమంటారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఆ మొదటి వాక్యాలే. కథ ఏమిటో ఎప్పటికీ తెలీదు. ఇంటికొచ్చే రైల్లో మనమే అల్లుకోవాలి.

ఆ రాత్రి ఒక బస్సు డ్రైవరు చెప్పాడు, ఒక నర్సు చెప్పింది, కాలేజీ మానేసిన కుర్రాడు చెప్పాడు. ఎవరూ పేరున్నవాళ్ళు కారు. రెండొందల మంది ఊపిరి బిగబట్టి విన్నారు. డబ్బులిచ్చి టిక్కెట్టు కొనుక్కుని ముక్కూమొహం తెలియనివాళ్ళ సొంత గొడవలు వినడం ఏమిటి, ఈ అలవాటు ఈ ఊరికి ఎలా వచ్చింది అని నాకు అప్పుడు పట్టుకుంది. మూడేళ్ళపాటు దొరికినవి చదివాను.

ఈ సభలు నడిపే సంస్థ పేరు ది మాత్. మాత్ అంటే దీపపు పురుగు, మన కావ్యాల్లో శలభం. దాన్ని పెట్టినాయన జార్జ్ డాస్ గ్రీన్ అనే నవలా రచయిత. ఆయన నవల 'ది జ్యూరర్' 1995లో వచ్చింది, మరుసటేడు డెమీ మూర్‌తో సినిమాగా కూడా తీశారు. ఆయన పెరిగింది జార్జియా రాష్ట్రంలో సముద్రం పక్కన సెయింట్ సైమన్స్ అనే దీవి దగ్గర. అక్కడ ఒక స్నేహితురాలి ఇంటి వరండాలో వేసవి రాత్రులు మిత్రులంతా చేరి కథలు చెప్పుకునేవారట. వరండా జాలీకి చిల్లు పడి, అందులోంచి పురుగులు దూరి దీపం చుట్టూ తిరుగుతుండేవట. న్యూయార్కు వచ్చాక ఆయనకి ఆ వరండా గుర్తొచ్చింది. ఈ ఊళ్ళో పార్టీల్లో ఎవరైనా కథ మొదలుపెడితే రెండో నిమిషానికే ఎవరో ఒకరు అడ్డొస్తారు. చివరిదాకా వినే చోటు లేదు. అందుకని 1997లో తన అపార్టుమెంటు ముందుగదిలో మొదటి సభ పెట్టారు. తరవాత అది కెఫేలకీ క్లబ్బులకీ పాకింది.

చూశారా, ఆయన పోగొట్టుకున్నది అరుగు. మనమూ పోగొట్టుకున్నది అదే. ఇక్కడ మన ఇళ్ళన్నిటికీ వెనకాల డెక్కులున్నాయి, వీధివైపు అరుగు మాత్రం లేదు.

అయితే ఇదంతా ఒక్కడికి ఒక్క రాత్రి తట్టిన ఆలోచన అనుకుంటే పొరపాటు. వెనక కనీసం నాలుగు పాయలున్నాయి.

మొదటిది పల్లెటూరి పాయ. టెనెస్సీ రాష్ట్రం కొండల్లో జోన్స్‌బరో అనే చిన్న ఊరుంది. అక్కడి బడిపంతులు జిమ్మీ నీల్ స్మిత్ 1973 అక్టోబరులో కోర్టు దగ్గర ఒక గడ్డిబండి నిలబెట్టి, దానిమీద కథకులను కూర్చోబెట్టి కథలు చెప్పించాడు. వచ్చినవాళ్ళు కొద్దిమందే. అదే జాతీయ కథల ఉత్సవంగా పెరిగింది. కానీ అక్కడ ఎక్కువగా జానపద కథలు, అమ్మమ్మల దగ్గర విన్న కథలు. 'నేను' అనే మాట తక్కువ.

రెండోది నాటకాల పాయ. 1979లో సోహోలోని పెర్ఫార్మింగ్ గరాజ్ అనే చిన్న నాటకశాలలో స్పాల్డింగ్ గ్రే అనే నటుడు ఒక బల్ల వేసుకుని, నోటుబుక్కు, గ్లాసుడు మంచినీళ్ళు పెట్టుకుని, తన బాల్యం గురించి ప్రేక్షకులకు చెప్పడం మొదలుపెట్టాడు. వేషం లేదు, పాత్ర లేదు. తన కథే నాటకం. ఆయన 'స్విమ్మింగ్ టు కంబోడియా' 1987లో సినిమాగా కూడా వచ్చింది.

మూడోది పోటీ పాయ. షికాగోలో భవన నిర్మాణ పనులు చేసుకునే మార్క్ స్మిత్ అనే కవి, కవిసమ్మేళనాల్లో జనం కునికిపాట్లు పడుతున్నారని విసుగెత్తి, 1986లో గ్రీన్ మిల్ అనే బారులో కవిత్వానికి మార్కులు వేయించే ఆట పెట్టాడు. జడ్జీలు పండితులు కారు, బారుకొచ్చిన జనమే. దానికి స్లామ్ అని పేరు. అది న్యూయార్కులో న్యూయోరికన్ పోయెట్స్ కెఫేకి చేరింది. ఆ కెఫే కూడా 1973 ప్రాంతంలో మిగెల్ అల్గరీన్ అనే పోర్టోరికన్ కవి ఇంటి ముందుగదిలో పుట్టిందే. మాత్ వాళ్ళ సంచీ, పది పేర్లు, మార్కులు ఈ స్లామ్ నుంచి తెచ్చుకున్న వరసే.

నాలుగోది, నా దృష్టిలో ముఖ్యమైనది, మామూలు మనిషి మాటకి విలువ ఉంటుందనే ఆలోచన. 1930ల ఆర్థిక మాంద్యంలో పనిలేని రచయితలకు ప్రభుత్వమే జీతాలిచ్చి ఊళ్ళమీదకి పంపింది. 1936 నుంచి 1938 దాకా వాళ్ళు ఒకప్పుడు బానిసలుగా బతికిన ముసలివాళ్ళను కలిసి 2,300 పైచిలుకు కథనాలు రాసుకొచ్చారు. 1948లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆలన్ నెవిన్స్ మౌఖిక చరిత్రకి ఒక కార్యాలయమే తెరిచాడు. షికాగో రేడియోలో స్టడ్స్ టెర్కెల్ ఇలాంటి సంభాషణలు ఏళ్ళ తరబడి నడిపాడు. జనం తమ ఉద్యోగాల గురించి చెప్పుకున్న మాటలతో ఆయన కూర్చిన 'వర్కింగ్' 1974లో వచ్చింది. 1995లో ఇరా గ్లాస్ షికాగోలోనే రేడియో కార్యక్రమం మొదలుపెట్టాడు, అదే 'దిస్ అమెరికన్ లైఫ్'. 2003లో డేవ్ ఐసే గ్రాండ్ సెంట్రల్ స్టేషన్లో ఒక చిన్న గది పెట్టి, ఎవరైనా ఇద్దరు వచ్చి ఒకరినొకరు అడిగి రికార్డు చేసుకోమన్నాడు. ఆ పథకం పేరు స్టోరీకోర్.

ఈ నాలుగు పాయలూ కలిసిన చోట ఉంది మాత్. 2008లో పాడ్‌కాస్ట్ మొదలైంది, 2009లో రేడియో గంట మొదలైంది, ఆ రేడియో కార్యక్రమానికి 2010 పీబడీ పురస్కారం వచ్చింది. ఒక ముందుగదిలో మొదలైన మాట చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్న లక్షల మందికి చేరింది. 2020 మార్చిలో కరోనా వచ్చి సభలన్నీ ఆగిపోయినప్పుడు తెరమీద నడిపారు. తరవాత మళ్ళీ మనుషుల మధ్యకొచ్చాయి.

ఇక్కడో చిక్కు ప్రశ్న ఉంది. కథ నిజమై ఉండాలన్నారు కదా, నిజమని ఎవరు తేల్చాలి? 2006లో జేమ్స్ ఫ్రే అనే రచయిత తన జీవితకథ అని రాసిన పుస్తకంలో కల్పనలున్నాయని బయటపడి, ఓప్రా విన్‌ఫ్రీ టీవీలో దేశం ముందు నిలదీసింది. 2012 జనవరిలో మైక్ డైసీ అనే కథకుడు చైనా ఫ్యాక్టరీల్లో తాను చూసినవంటూ చెప్పినవి 'దిస్ అమెరికన్ లైఫ్' ప్రసారం చేసింది. అందులో కొన్ని ఆయన చూడనివని తేలి మార్చిలో ఆ కార్యక్రమాన్నే వెనక్కి తీసుకుంది. మాత్ వాళ్ళు దీనికి జాగ్రత్తగా ఒక మాట పెట్టుకున్నారు. చెప్పేవాళ్ళకి గుర్తున్నంత మేరకు నిజం, అని.

ఆ 2,300 కథనాల విషయంలో చరిత్రకారులు ఇంకో సంగతి చెబుతారు. అడగడానికి వెళ్ళినవాళ్ళు ఎక్కువమంది తెల్లవాళ్ళు. చెప్పేవాళ్ళు అదే ఊళ్ళో ఇంకా బతకవలసిన నల్లజాతి వృద్ధులు. అందుకని చాలామంది ఆచితూచి, వినేవాళ్ళకి ఇబ్బంది లేని కథ చెప్పారు. అంటే అబద్ధమాడారని కాదు. ఎవరు వింటున్నారన్న దాన్నిబట్టి నిజం తన బట్టలు మార్చుకుంటుంది. ఇది చదివినప్పుడు తలూపి ఊరుకున్నాను. మా ఇంట్లోనే ఉందని అప్పటికి తట్టలేదు.

మన సంగతికొద్దాం. కథ చెప్పడంలో తెలుగువాళ్ళు ఎవరికీ తీసిపోరు. హరికథ, బుర్రకథ, ఒగ్గుకథ, ఒక్కొక్కటీ రాత్రంతా సాగేవి. కానీ అక్కడ చెప్పేది దేవుళ్ళ కథ, వీరుల కథ. హరికథా పితామహుడని పేరుపడ్డ ఆదిభట్ల నారాయణదాసుగారు వేదికమీద చెప్పింది హరికథలు. తన కథ చెప్పుకోవాలనిపించినప్పుడు 'నా ఎఱుక' అని పుస్తకం రాసుకున్నారు. బుర్రకథతో ఊళ్ళకి ఊళ్ళను కదిలించిన షేక్ నాజర్‌గారు చెప్పింది పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం. ఆయన సొంత కథ 'పింజారి' పేరుతో పుస్తకమైంది. కందుకూరి వీరేశలింగం నుంచి శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి దాకా మనకి గొప్ప స్వీయచరిత్రలున్నాయి, అన్నీ కాగితం మీదే. నలుగురి ముందూ నిలబడి 'నాకు ఇలా జరిగింది' అనడం మనకి కొంచెం ఇబ్బంది. నా గోలెందుకు లెద్దురూ అంటాం. అలాంటి మాటలు అరుగుమీదో వంటింట్లోనో చెప్పుకునేవి.

నేనూ అలాగే పెరిగాను. మొదటిసారి పేరు సంచిలో వేసినప్పుడు రాలేదు. ఆఖర్న వెళ్ళి, "మా నాన్న పోస్టుమాస్టరు, ఆయన ఒక టెలిగ్రాం ఒక రాత్రి ఆలస్యంగా ఇచ్చాడు" అని ఒక్క వాక్యం చెప్పి దిగాను. అందరూ "అయ్యో" అన్నారు, ఆ కథ వినాలన్నట్టు. ఆ "అయ్యో" నన్ను వదల్లేదు. 2019లో ఒకసారి 'ఆలస్యం' అనే అంశం పెట్టారు. మళ్ళీ పేరు వేశాను. ఏడో పేరు నాదే.

కథ ఇదీ. గోదావరి జిల్లాల్లో ఒక ఊరు, నాకప్పుడు పదేళ్ళు. నాన్న సబ్ పోస్టాఫీసులో పనిచేసేవారు. టౌను నుంచి టెలిగ్రాం ఫోనులో చదివి చెబితే ఫారం మీద ఇంగ్లీషులో రాసుకుని ఇంటికి పంపేవారు. ఒక సాయంత్రం ఒక ఇంటికి టెలిగ్రాం వచ్చింది. ఆ ఇంటి పెద్దాయన అన్నగారు నాగపూర్లో పోయారని, వెంటనే బయలుదేరమని. ఆ రాత్రే ఆ ఇంట్లో పెళ్ళి. నాన్న ఆ టెలిగ్రాం తెల్లారాక గానీ ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదని ఊరంతా అడిగితే, అందులో ఉన్న 'ఎక్స్‌పైర్డ్' అనే మాట చూసి ఏదో మందుల షాపు వ్యవహారం అనుకున్నానని చెప్పారు. మందుల సీసాల మీద ఉండే మాట కదా మరి! పాతికేళ్ళుగా మా బంధువుల్లో ఇది పెద్ద జోకు. ఎవరింట్లోనైనా పెరుగు పులిస్తే, "ఎక్స్‌పైర్డ్, పోస్టుమాస్టరుగార్ని పిలవండి" అనేవారు. నాన్న కూడా నవ్వేవారు.

నేను దాన్ని నాన్న యాసతో సహా చెప్పాను. జనం పడీ పడీ నవ్వారు. రెండో స్థానం వచ్చింది. చప్పట్లు కొడుతుంటే నా కాళ్ళు నేలమీద లేవు.

బయటికొస్తుంటే ఒక పెద్దావిడ నన్ను ఆపింది. డెబ్భై ఏళ్ళుంటాయి. "బాగా చెప్పావు. మీ నాన్న ఆ ఉద్యోగం ఎన్నేళ్ళు చేశారు?" అని అడిగింది. అప్పటికి ఇరవై రెండేళ్ళ సర్వీసు అన్నాను. "ఇరవై రెండేళ్ళు టెలిగ్రాములు రాసిన మనిషికి ఆ మాట తెలీదంటావా?" అంది. అంతే, కోటు వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. నిజమే. ఆ రోజుల్లో పల్లెకి టెలిగ్రాం వచ్చిందంటే సగం చావు కబుర్లే. వాటిలో ఎప్పుడూ ఉండే మాట అదొక్కటే. నాన్న ఆ మాటని కొన్ని వందలసార్లు తన చేత్తో రాసి ఉంటారు. నాకు పదేళ్ళప్పుడు తట్టలేదు సరే, ఇంత వయసొచ్చాక కూడా తట్టలేదే!

ఆదివారం ఫోను చేశాను. కథ చెప్పాననీ, జనం నవ్వారనీ చెప్పి, ఆవిడ అడిగినదీ చెప్పాను. చాలాసేపు అవతల నుంచి ఏమీ వినపడలేదు. తరవాత అన్నారు: "తెలుసమ్మా. రాస్తున్నప్పుడే తెలుసు."

"మరెందుకు నాన్నా?"

"అన్నగారు పోతే మైల. పెళ్ళి ఆగిపోతుంది. పీటలదాకా వచ్చిన పెళ్ళి ఆగితే ఆ పిల్లని ఏమంటారో నీకు తెలీదు. అప్పటికే ఒక సంబంధం తప్పిపోయి ఉంది. తాళి పడేదాకా చొక్కా జేబులో పెట్టుకుని ఆ పందిట్లోనే కూర్చున్నా. ఆలస్యం చేస్తే ఉద్యోగం పోతుందని తెలుసు. తెలిసి చేశానంటే పోతుంది, తెలీక చేశానంటే మందలించి వదిలేస్తారు. అందుకని తెలివితక్కువవాణ్ణయ్యాను."

నేను ఏదో గొప్ప పని చేశారన్నట్టు మాట్లాడబోయాను. ఆపేశారు. "గొప్పేం కాదు. ఆయనకి అన్నగారి కడసారి చూపు దక్కలేదు. రాత్రి బండికే బయలుదేరి ఉంటే దక్కేదేమో. తరవాత ఆయన నన్ను చూసినప్పుడల్లా తల తిప్పుకునేవాడు. ఆయనకి తెలుసనుకుంటా. మంచిపని చేశానో చెడ్డపని చేశానో ఇప్పటికీ తేల్చుకోలేను. జోకైపోయిందిలే, అదే నయం అనుకున్నా."

నేను న్యూయార్కులో నిలబడి అమ్ముకున్నది ఆ జోకు. నాకు గుర్తున్నంత మేరకు నిజమే చెప్పాను, నిబంధన తప్పలేదు. కానీ నవ్వు కోసం నాన్న ఇంగ్లీషుని వాడుకున్నాను. ఆయన ఇంగ్లీషుకి లోటేం లేదు. ఆయన పాతికేళ్ళు కప్పుకున్న ముసుగు అది. ఆ వృద్ధుల కథనాల గురించి చదివినది అప్పుడు అర్థమైంది. ఊళ్ళో ఇంకా బతకాల్సినవాడు ఊరికి ఇబ్బంది లేని కథ చెబుతాడు.

ఇంకో సంగతి కూడా. మా ఇంట్లో పాతికేళ్ళూ అందరం ఆ కథ చెప్పుకున్నాం, ఎవరం వినలేదు. పరాయి దేశంలో పరాయి మనిషి అయిదు నిమిషాలు అడ్డు రాకుండా విని ఒక్క ప్రశ్న అడిగింది. ఈ సభల చరిత్రంతా చదివాక నాకు తోచింది, వాటి గొప్పదనం చెప్పేవాళ్ళలో కంటే వినేవాళ్ళలో ఎక్కువ ఉంది. గ్రీన్‌గారు వెతుక్కున్నది కూడా అడ్డు రాకుండా వినే మనుషులనే కదా.

మన దేశంలో టెలిగ్రాం సేవ 2013 జులైలో ఆగిపోయింది. నాన్న అంతకుముందే రిటైరయ్యారు. ఈ ప్రసంగంలో చెప్పనా అని అడిగితే, "ఊరు పేరు, ఆ ఇంటి పేరు చెప్పకు. ఆ అమ్మాయికి ఇప్పుడు మనవలు కూడా ఉండి ఉంటారు. మిగతాది చెప్పు, ఇంకెన్నాళ్ళు దాస్తాను" అన్నారు. అలాగే చేశాను.

మీ ఇంట్లో కూడా ఏళ్ళ తరబడి నవ్వుకుంటున్న జోకు ఒకటి ఉండే ఉంటుంది. పండక్కి పెద్దవాళ్ళు వచ్చినప్పుడు, లేదా ఈ ఆదివారం ఫోనులో, దాన్ని ఇంకోసారి మొదట్నుంచీ చెప్పమని అడగండి. మధ్యలో మాట్లాడకండి. అయిపోయాక ఒక్క ప్రశ్న అడగండి.

సెలవు.